వణుకు కారుదా, బావగారిదా?

రాజోలు,
జూన్ మొదటి ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

ప్రియమైన అక్కకు, తమ్ముడు దానియేలు ప్రభువు పేరిట వందనాలతో రాయునది.

ముందుగా ఒక ప్రకటన. ఈ ఇంటి ఆవరణలో నివసించు కోళ్ళకు, పిల్లులకు, పాలు పోయు మనిషికి, తదితర జీవరాశికి తెలియజేయునది ఏమనగా: ఇంటి యజమానురాలు, విశ్రాంత ప్రధానోపాధ్యాయిని శ్రీమతి లీలావతి గారు మోకాలి ఆపరేషను నిమిత్తం విశాఖపట్నంలోని కుమార్తె ఇంటికి వెళ్ళియున్నందున, ఆమె తిరిగి వచ్చు పర్యంతము ఇంటి పరిపాలన యావత్తూ ఆమె తమ్ముడు, పదో తరగతి పరీక్షను ఒకటికి రెండుసార్లు రాసిన అనుభవజ్ఞుడు, అమలాపురం షామియానా మరియు మైకు సెట్టు అధిపతి అగు దానియేలు వహించును. మొదటి ఉత్తర్వు: మాగాయ జాడీ మూత తీసినవారు మరల పెట్టవలెను. తదుపరి ఉత్తర్వు: నల్లకోడి ఇకమీదట వరండా కుర్చీలో గుడ్డు పెట్టరాదు. మొదటిదాన్ని ఉల్లంఘించింది నేను. తదుపరిదాన్ని ఉల్లంఘించింది కోడి. విచారణ జరిపి ఇద్దరినీ వదిలేశాను.

ఇక మామూలు భాషలోకి వస్తాను. ఫోనులో నా మాట నీకు సగమే వినిపిస్తుందనీ, ఆ సగమూ అబద్ధమే అయ్యుంటుందనీ అన్నావు. మెసేజి పెడితే శారోను ముందు చదివేస్తుందన్నావు. సొంత కూతురి మీద అనుమానం, సొంత తమ్ముడి మీద అనుమానం. హెడ్‌మిస్ట్రెస్ ఉద్యోగం పోయినా బుద్ధి పోలేదు. సరే, కాగితం మీదే రాస్తున్నాను.

నువ్వు బస్సెక్కిన మర్నాడు బావగారు కారు తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు.

“ఇది మీ దగ్గరుంచండి దానియేలు గారూ.”

నన్ను గారూ అని పిలిచే మనిషి ఈ జిల్లా మొత్తానికి ఆయనొక్కరే. “ఎందుకండీ బావగారూ?” అన్నాను.

“చేతులు కుదురుగా ఉండటం లేదండి. మీ అక్క చూసింది కదా. మా నాన్నగారికి కూడా ఇలాగే మొదలైందండి.”

అన్నేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి కూడా ఒక్క పిల్లాణ్ణి గదమాయించలేని మనిషి. ఇప్పుడు తన రెండు చేతుల మీదా కాపలా కూర్చున్నారు. వరండాలో వాటిని తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. ఆదివారం ముసలమ్మలందరినీ చర్చికి చేరవేసే కారు షెడ్డులో ఉంది. ఇవాళ అందరూ ఆటోలో వచ్చారు. ప్రార్థన అయ్యేదాకా ఆయన ఒక్కరి మొహమూ చూడలేదు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆయనకి తెలియకుండా పరీక్షలు పెట్టాను. ముందు ఒక గ్లాసులో అంచుదాకా కొబ్బరినీళ్ళు పోసి వంటింట్లో పెట్టి, నేను పెరటి చివరికి వెళ్ళి కూర్చుని, “బావగారూ, కాస్త ఆ గ్లాసు అందిస్తారా?” అన్నాను. తెచ్చారు. చుక్క ఒలకలేదు. తరవాత నా చొక్కా గుండీ నేనే తెంపుకుని, సూదిలో దారం ఎక్కించమన్నాను. మొదటిసారికే ఎక్కించారు. ఇలా కాదని పాతకాలపు కత్తి ఇచ్చి నాకు గెడ్డం గీయమన్నాను. ఈ ఉత్తరం రాస్తున్నాను కాబట్టి ఫలితం నీకు తెలిసే ఉంటుంది.

మరి ఈ చేతులు ఎప్పుడు వణికాయి? ఎక్కడ? నువ్వు ఏం చూశావు? ఉన్నదున్నట్టు రాయి. ఇంట్లో వణకని చేతులు కారులో ఎందుకు వణుకుతాయో నాకు తెలిసి తీరాలి. తెలియకపోతే నాకు మాగాయ కూడా రుచించడం లేదు.

నీ తమ్ముడు
దానియేలు

*

విశాఖపట్నం

చిరంజీవి దానియేలుకు దీవెనలు.

కత్తి సంగతి చదివి శారోను నవ్వింది. నేను నవ్వలేదు. మెడ నీదే గానీ చెయ్యి ఆయనది. ఏదైనా జరిగుంటే ఆ మనిషి జన్మలో తేరుకునేవాడా? బుర్ర ఉందా నీకు?

ఏం చూశానో రాస్తున్నాను. మే నెలలో గన్నవరంలో పెళ్ళికి వెళ్ళి కాలవ గట్టు మీదుగా తిరిగి వస్తున్నాం. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వచ్చింది. ఆయన అలవాటు ప్రకారం పక్కకి తీశారు. ట్రాక్టరు వెళ్ళిపోయింది గానీ కారు రోడ్డెక్కలేదు. కాలవ వైపే లాగుతోంది. ఆయన చేతుల వైపు చూశాను. స్టీరింగు మీద రెండు చేతులూ గజగజ వణుకుతున్నాయి. మోచేతుల దాకా. కారు ఆగేసరికి నా పక్క కిటికీలోంచి గట్టు కనిపించలేదు, నీళ్ళే కనిపించాయి. నాకు చెవులు లేవు గానీ కళ్ళు ఉన్నాయిరా. ఆ వణుకు నాకు కొత్త కాదు. మామగారికి చివరి రోజుల్లో గంజి నేనే తాగించేదాన్ని. మీ బావకీ ఆ రోజు మామగారే గుర్తొచ్చారని నాకు తెలుసు.

శారోను కారు అమ్మేద్దామంటోంది. వాళ్ళ ఆఫీసులో రవికుమార్ అనే అతను పాత కార్లు ఇష్టంగా కొంటాడట. నేను ఇంటికి వచ్చిన వారంలో వచ్చి తీసుకుపోతాడు. నేను సరే అన్నాను.

కారు పోతుందని నాకు బెంగ లేదు. పాత మారుతి, దానికీ వయసైంది. నా బెంగ ఆ మనిషి గురించి. ఊళ్ళో ఎవరికి ఆసుపత్రి కావాలన్నా, ఎవరికి రైలు అందాలన్నా ఆ కారే. అది లేకపోతే ఆయన వరండాలో కూర్చుని చేతులు చూసుకుంటూనే ఉండిపోతారు. అలాగని కాలవలోకి పోనివ్వలేను. జబ్బే అయితే జబ్బని తెలియాలి, కాకపోతే కాదని తెలియాలి. నువ్వు ఎలాగూ ముక్కు దూర్చావు కాబట్టి తేల్చు.

ఒక్క షరతు. నువ్వూ మీ బావా కలిసి ఆ కారు ముట్టుకోవద్దు. పోయినేడు ఇద్దరూ కలిసి మిక్సీ బాగుచేశారు. ఇప్పటికీ దాన్లో పచ్చడి వేస్తే గోడ మీదికి వస్తుంది. పనివాడు లేకుండా ఒక్క నట్టు కూడా విప్పకండి.

నీ అక్క
లీలావతి

*

రాజోలు

అక్కకు వందనాలు.

కుర్చీలో సర్దుకుని కూర్చో. మోకాలు జాగ్రత్త. ఇప్పుడు చెప్పే సంగతికి లేచి నిలబడాలనిపిస్తుంది.

నీ ఉత్తరం అందిన పూటే కారు బయటికి తీశాను. నేనొక్కణ్ణే. బావగారు రానన్నారు. “మీరు వెళ్ళిరండి, నేను చూస్తుంటానండి” అని గేటు దగ్గర నిలబడ్డారు, ఏదో నేను దుబాయి పోతున్నట్టు. నువ్వు రాసిన గట్టు రోడ్డుకే వెళ్ళాను. కాస్త వేగం అందుకుని, ఎడమ చక్రం తారు మీంచి మట్టిలోకి దింపాను.

అక్కా, నా చేతులు వణికాయి.

గజగజ. మోచేతుల దాకా. అచ్చం నువ్వు రాసినట్టు. నాకు ఒక్కసారిగా చెమటలు పట్టాయి. మీ మామగారు నాకేమీ కారు కదా, ఆయన జబ్బు నాకెలా వచ్చింది అనుకున్నాను. కారు ఆపి చేతులు చూసుకున్నాను. కుదురుగా ఉన్నాయి. మళ్ళీ నడిపాను. మళ్ళీ వణుకు. కారు ఆపి స్టీరింగు వదిలేసి, ఇంజను ఆపి, ఈలపాట కూడా పాడుకున్నాను. వణుకు లేదు. అంటే స్టీరింగు పట్టుకుంటేనే జబ్బు, వదిలితే ఆరోగ్యం. ఇలాంటి రోగం ఏ డాక్టరూ చదివి ఉండడు.

ఇంటికి వచ్చి బావగారికి చెప్పాను. ఆయన నమ్మలేదు. నన్ను ఊరడించడానికి అంటున్నానని, “మీది చాలా మంచి మనసండి” అన్నారు. నా గురించి ఇంత తప్పుడు మాట ఎవరూ అనలేదు.

నీ షరతు నాకు గుర్తుంది. అందుకని తాటిపాక నుంచి ఒక మేస్త్రిని పిలిపించాను. పేరు సాలమోను. ఆయిలు కంపెనీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పొట్టిగా ఉంటాడు, చెవి మీద ఎప్పుడూ బీడీ. నోరు మంచిది కాదు. నాకు వెంటనే నచ్చాడు. కారు చూడగానే, “దీన్ని ఎవరండీ ఇన్నాళ్ళూ నడిపింది? బండా, పడవా ఇది?” అన్నాడు. జాకీ వేసి ముందు ఎడమ చక్రాన్ని గాల్లోకి లేపాడు. రెండు పక్కలా పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. టక్కు టక్కుమంది. ఊడిపోయే పన్ను కదిలినట్టు కదిలింది.

సంగతేమిటంటే, స్టీరింగు నుంచి చక్రానికి ఒక ఇనప కడ్డీ వెళ్తుంది. దాన్ని టై రాడ్ అంటారు. దాని చివర మన భుజంలో లాగా గిన్నెలో గుండు, ఆ కీలు మీద చక్రం తిరుగుతుంది. ఆ గుండు అరిగిపోతే స్టీరింగు చెప్పిన మాట చక్రానికి సగమే అందుతుంది, ఫోనులో నీకు నా మాట అందినట్టు. మిగతా సగం చక్రం తన ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. ఆ ఊపు కడ్డీ మీదుగా స్టీరింగుకీ, స్టీరింగు నుంచి పట్టుకున్నవాడి చేతికీ వస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. కుడి చక్రం ఎత్తి ఊపాడు. అది గట్టిగా ఉంది! చప్పుడు లేదు. రెండూ ఒకే కారువి, ఒకే నాడు బిగించినవి, ఒకే రోడ్డు మీద తిరిగినవి. ఎడమది ముసలిదైపోయింది, కుడిది పెళ్ళికొడుకులా ఉంది. ఎందుకు? మేస్త్రినడిగితే, “అవన్నీ నాకు తెలవవండి, మార్చమంటారా వద్దా?” అన్నాడు. బావగారిని అడిగితే, “దేవుడి దయండి” అన్నారు. ఎడమ చక్రం మీద దేవుడికి ఏం కోపం?

నీ తమ్ముడు
దానియేలు

*

విశాఖపట్నం

దానియేలుకు,

ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు నడిపినా వణికిందన్న ముక్క శారోనుకి చదివి వినిపించాను. “మామయ్య మాట నమ్ముతావా అమ్మా?” అంది. నమ్మాలని ఉంది. అందుకే నమ్మలేకపోతున్నాను. నీకు అర్థమవుతుందో లేదో.

నువ్వు నా తమ్ముడివి. ఆయన నా భర్త. ఆయన మనసు కష్టపెట్టకూడదని నువ్వు నాలుగు మాటలు కల్పిస్తావు. నన్ను కష్టపెట్టకూడదని ఆయన దానికి తలూపుతారు. మీ ఇద్దరి మాటా సాక్ష్యానికి పనికిరాదు. ఆ మేస్త్రి బయటి మనిషి. నోరు మంచిది కాదంటున్నావు, మరీ మంచిది. మొహమాటం ఉండదు. పని అయ్యాక మీ బావ చేత కారు నడిపించు. మేస్త్రిని పక్కన కూర్చోబెట్టు. రోడ్డు వైపు కాదు, ఆయన చేతుల వైపు చూడమను. అతను ఏమంటే అది నాకు రాయి, తీపి కలపకుండా.

అతను సరేనంటే రవికుమార్‌ని రావద్దంటాను. కాదంటే కారు వెళ్ళిపోతుంది, మీ బావని ఇక్కడికి తెచ్చి పెద్ద డాక్టరుకి చూపిస్తాను. అంతా అతని మాట మీదే పెట్టుకున్నాను.

పని చేసేవాడికి వేళకి అన్నం పెట్టు. నీలాగా పచ్చడి మెతుకులు కాదు, చేపల పులుసు పెట్టు.

ఎడమదే ఎందుకు అరిగింది? నేనూ పొద్దున్నుంచి అదే ఆలోచిస్తున్నాను. మేస్త్రికి తెలియకపోతే నువ్వు కనుక్కో. పిచ్చి పరీక్షలు పెట్టకుండా కనుక్కో.

అక్క

*

రాజోలు

అక్కకు వందనాలు.

మేస్త్రికి పులుసు పెట్టాను. కొర్రమేను. కారం ఎక్కువైందని విసుక్కున్నాడు. ఇక పని సంగతి.

కొత్త కీళ్ళు రెండు వైపులకీ తెచ్చాం. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే కారు కుంటుతుందని మేస్త్రి అన్నాడు. కారు ముందు భాగం ఎత్తి, కింద రెండు కొబ్బరి మొద్దులు పెట్టి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాం. జాకీని నమ్మి కిందికి దూరేవాడు నాకంటే తెలివితక్కువవాడు అన్నాడు మేస్త్రి. నా తెలివిని కొలబద్ద చేసుకున్నందుకు నేను ఏమీ అనలేదు.

నట్టు రాలేదు. తుప్పు. కొబ్బరినూనె పోసి మర్నాటి దాకా నానబెట్టాం. బావగారు పక్కన కూర్చుని దాన్ని బతిమాలారు, “కొంచెం రావాలండి” అని. నట్టుని కూడా అండీ అన్న మనిషి! మర్నాడు నట్టు వచ్చింది, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే పాత గుండు పట్టు వదిలింది. మిగిలింది దాన్ని కడ్డీకున్న మరచుట్ల మీంచి తిప్పి ఊడదీయడం. ఇక్కడే కిటుకంతా ఉంది. ఎన్ని చుట్లు తిప్పితే పాతది ఊడిందో, అన్ని చుట్లే కొత్తది ఎక్కించాలి. లెక్క తప్పితే చక్రం వంకర చూపు చూస్తుంది. మేస్త్రి తిప్పుతుంటే లెక్క బావగారు పెట్టారు, గట్టిగా, డ్రిల్లులో లాగా.

సరిగ్గా మధ్యలో పాలు పోసే మంగాయమ్మ గారు చెంబుతో గేటు దగ్గరికి వచ్చింది.

“మాస్టారూ, అమ్మగారి మోకాలు ఎలా ఉందండీ?”

కారు కింద నుంచి బావగారు, “ఆయ్, కులాసాగా ఉందండి. మీ అబ్బాయి దుబాయి నుంచి వచ్చేడాండి?”

“వచ్చేడండి. సంబంధాలు చూస్తన్నామండి.”

“ఆయ్, మంచిదండి. మీ ఎదురింటి సాయిబాబు గారు కులాసాగా ఉన్నారాండి? వారి చెల్లెలు గారు?”

చెల్లెలి దాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి కీలు ఊడి చేతిలో ఉంది, లెక్క గోదాట్లో కలిసిపోయింది. “ఎంతదాకా వచ్చేరండి?” అని నేనడిగితే, “సాయిబాబు గారి చెల్లెలి దాకా వచ్చేమండి” అన్నారు. పాపం, నిజంగానే చెప్పారు.

ఆ పూట అంచనాగా బిగించి కారు గేటు దాటించాం. చక్రాలు రెండూ ఒకదాని మొహం ఒకటి చూడని తోటికోడళ్ళలా ఉన్నాయి. కారు ముందుకి పోకుండా పీతలా పక్కకి నడిచింది. నల్లకోడి వరండా కుర్చీ మీద లేచి నిలబడి చూసింది. మళ్ళీ లోపలికి తెచ్చాం.

అప్పుడు బావగారికి తోచింది. డ్రిల్లులో పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి తాడు కట్టేవారట. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా కొబ్బరి తాడు బిగించి కట్టారు, రెండు వైపులా. ఆ తాడుకి ముందు చక్రం అంచులు ఎంత దూరంలో ఉన్నాయో ఈనె పుల్లతో కొలిచి, కీలు కొంచెం తిప్పి, మళ్ళీ కొలిచి, మళ్ళీ తిప్పి, పొద్దువాలే వేళకి కుదిర్చారు. చివర నట్టు ఊడిపోకుండా దాని కన్నంలోంచి సన్నటి పిన్ను దూర్చి వంచాలి. అదీ అయింది. మర్నాడు అమలాపురంలో అలైన్‌మెంటు షాపుకి తీసుకెళ్ళాం. మిషను పెట్టి చూసి ఆ కుర్రాడు, “ఎక్కడ చేయించేరండి? కొంచెమే తేడా ఉంది” అని సరిచేసి పంపాడు. కొబ్బరి తాడు అని చెబితే నవ్వుతాడని, పెద్ద షాపులో అని చెప్పాను.

ఇప్పుడు అసలు కథ. అమలాపురం వెళ్ళేటప్పుడు నెమ్మదిగా నేను తోలాను. తిరిగి వచ్చేటప్పుడు తాళం బావగారి చేతిలో పెట్టాను. పుచ్చుకోలేదు. “వద్దండి, నాకు భయంగా ఉందండి” అన్నారు. ఆయన నోట భయం అన్న మాట నేను వినడం ఇదే మొదలు. మేస్త్రే కసిరాడు: “మీరు నడపకపోతే నా పని బాగుందో లేదో నాకెలా తెలుస్తుందండీ?” ఎదుటివాడి పని చెడిపోతుందంటే ఆయన ఉండలేరు కదా. ఎక్కారు. మేస్త్రి ముందు సీట్లో, నేను వెనక.

గట్టు రోడ్డు ఎక్కగానే ఎదురుగా ఆటో వచ్చింది. బావగారు కారుతో ఎడమకి మట్టిలోకి దిగారు, చెయ్యి చూపించి, “మీరు వెళ్ళండి” అన్నారు. కాస్త ముందుకెళ్ళాక బైకు. బైకుకి దారి ఇవ్వాల్సిన పనేముంది? దిగారు. తరవాత అరటిగెలల సైకిలు. దిగారు. తరవాత గేదె. అక్కా, నేను కళ్ళారా చూశాను, గేదెకి కూడా దిగారు. “పాపం, ఒట్టిమనిషి కాదండి” అన్నారు.

నేను వెనక సీట్లో ఎగిరి గంతేశాను. తల కప్పుకి తగిలింది. దొరికింది!

ఆ గట్టు మీద తారు ఒక కారు వెడల్పే ఉంటుంది. ఎదురుగా ఎవరొచ్చినా ఒకరు దిగాలి. ఇన్నేళ్ళుగా ఆ ఒకరు బావగారే. దిగినప్పుడల్లా ఎడమ చక్రం తారు అంచు మీంచి దభీమని మట్టిలో పడుతుంది, మళ్ళీ ఎగిరి ఎక్కుతుంది. కుడి చక్రం దర్జాగా తారు మీదే ఉంటుంది. ఎడమ కీలు వయసు వల్ల అరగలేదు అక్కా. మర్యాద వల్ల అరిగింది. మే నెలలో ట్రాక్టరుకి దారి ఇచ్చినప్పుడు అది ఇక నా వల్ల కాదంది. వణికింది అది. ఆయన చేతులు దాన్ని ఆపడానికి చూశాయి. నువ్వు చూసింది ఆ పెనుగులాట.

మేస్త్రి దారంతా నువ్వు చెప్పినట్టే చేతులనే చూశాడు. దిగాక అన్న మాట తీపి కలపకుండా రాస్తున్నాను: “ఈయన చేతులకేం రోగమండీ? నావే ఈయనకంటే ఎక్కువ వణుకుతాయి, సాయంత్రమైతే మరీను. వణికింది ఇనుమండి. మనిషి కాదు. ఈయనకి ఉన్నది ఒకటే జబ్బు, ఎవరొచ్చినా దిగిపోవడం. దానికి నా దగ్గర పానా లేదండి.”

దానియేలు

*

రాజోలు,
జూలై, ఇంటి నుంచి

దానియేలుకు దీవెనలు.

నన్ను ఇంట్లో దింపి నువ్వు అమలాపురం వెళ్ళిపోయావు, నేనేమనుకున్నానో అడగకుండా. అడగడానికి నీకు భయం వేసిందని నాకు తెలుసు.

జొన్నాడలో బస్సు దిగేసరికి స్టీరింగు దగ్గర మీ బావ ఉన్నారు. మేస్త్రి చేత నడిపిస్తానన్నావు కదా అని చూస్తే, “అతనికి ఓడలరేవులో అర్జంటు పని పడిందక్కా” అని నువ్వు పళ్ళికిలించావు. కర్ర పట్టుకుని ఆ ఎండలో ఎంతసేపు నిలబడగలను? ఎక్కాను. వెనక సీట్లో, సరిగ్గా ఆయన చేతులు కనిపించే చోట కూర్చున్నాను. చెవులు లేనిదాన్ని, కళ్ళతోనే కాపలా కాయాలి. వంతెన దాటాం. కొత్తపేట దాటాం. గట్టు ఎక్కాం. ఎదురుగా ఇసక లారీ. నా ప్రాణం మోకాల్లోకి వచ్చింది. ఆయన దిగారు. లారీ పోయింది. మళ్ళీ ఎక్కారు. చేతులు స్టీరింగు మీద అలా ఉన్నాయి, చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నట్టు.

ఆ తరవాత నాకేమీ గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి మన గేటు. ఆ కారులో నేను కన్ను మూయడం ఎప్పుడైనా జరిగిందా? కొత్తలో కూడా మూయలేదు.

శారోనుకి చెప్పేశాను. రవికుమార్ రానక్కరలేదు. డాక్టరుకి మాత్రం ఒకసారి చూపిస్తాను, అది ఆయన కోసం కాదు, నా కోసం. ఈ ఆదివారం కారులో ముందు నన్ను ఎక్కించుకోకుండా వీధి చివర ముసలమ్మలందరినీ చర్చిలో దింపి, ఆఖరున నా కోసం వచ్చారు. కోపం రావాలి. రాలేదు.

ఇంకొక్క సంగతి. సాలమోను మేస్త్రి మాట మీద నేనింత నిర్ణయం తీసుకున్నాను, అతని మొహమైనా చూడకపోతే బాగుండదు. వచ్చే ఆదివారం భోజనానికి తీసుకురా. అతని కోసం ఒక చొక్కా గుడ్డ తీసి ఉంచాను. మనిషి ఎలాంటివాడని మీ బావనడిగితే, “ఆయ్, చాలా మంచివారండి” అన్నారు. ఇంకేం చెప్పమన్నా చెప్పలేదు. ఎంత పొట్టి, చొక్కాకి ఎంత గుడ్డ కావాలి, అదైనా రాయి.

అక్క

*

అమలాపురం

అక్కకు వందనాలు.

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మైకులో ఊరందరికీ వినిపించేలా అరిచే గొంతు కాగితం మీద పెగలడం లేదు.

బావగారు చాలా మంచివారని ఎందుకన్నారో తెలుసా? నువ్వు ఎవరి గురించి అడుగుతున్నావో ఆయనకి తెలియదు. తెలియదంటే నీకు చిన్నతనమని, ఎవరో పెద్దమనిషి అయ్యుంటారులే అని, మంచివారన్నారు. ఎదురుగా వచ్చినవాడెవరో చూడకుండానే దారి ఇచ్చే మనిషి కదా. నీ ప్రశ్నకీ అలాగే దిగారు.

మూడో మనిషి సాక్ష్యం కావాలన్నావు. తమ్ముడు పనికిరాడు, మొగుడు పనికిరాడు అన్నావు. పనివాడు లేకుండా నట్టు విప్పొద్దన్నావు. పనివాణ్ణి పిలుద్దామనే చూశాను. బావగారు, “ముందు మనం చూద్దామండి, ఆ వణుకు నాదో దానిదో నా చేత్తోనే తెలుసుకోవాలండి” అన్నారు. ఆయన నోరు తెరిచి ఇది కావాలి అని అడగడం నీకు గుర్తుందా ఎప్పుడైనా? నాకు లేదు. కాదనలేకపోయాను.

చక్రం ఊపింది ఆయన. నానబెట్టి, బతిమాలి, సుత్తితో కొట్టింది ఆయన. తిప్పిందీ ఆయనే, లెక్కపెట్టిందీ ఆయనే, మంగాయమ్మ గారికి సమాధానం చెప్పిందీ ఆయనే. అందుకే లెక్క తప్పింది. నేను పానాలు అందించాను, మొద్దుల మీద కారు నిలిచిందో లేదో చూశాను, నోరు పారేసుకున్నాను. కొర్రమేను తిన్నదీ నేనే. ఆ చివరి పిన్ను ఉందే, అగ్గిపుల్లంత లావు ఉండదు. కారు కింద వెల్లకిలా పడుకుని, కళ్ళలో తుప్పు రాలుతుంటే, చేతులు తలకంటే పైకెత్తి ఆ కన్నంలోకి దూర్చాలి. నేను ప్రయత్నించాను. నా చెయ్యి వణికి మూడుసార్లు కింద పడేశాను. “ఇలా ఇవ్వండి దానియేలు గారూ” అని ఆయన తీసుకున్నారు. ఒక్కసారికే దూర్చి, రెండు కొసలూ వంచి, కాసేపు అలాగే చేతులు దించకుండా చూసుకున్నారు. బయటికి రాగానే ఒక్క మాట అన్నారు: “నాది కాదండి.”

అలైన్‌మెంటు షాపు నిజం. గేదె నిజం. నేను నడిపినా వణికిందన్నది నిజం. తిరుగుదారిలో ముందు సీట్లో కూర్చుని చేతుల వైపు చూసింది నేను. నువ్వు నిద్రపోయింది కూడా నిజమే, దానికి సాక్షిని నేను. నోరు తెరుచుకుని పడుకున్నావు.

ఆ చొక్కా గుడ్డ బావగారి కొలతకి కుట్టించు. పొడుగు మనిషి, గుడ్డ చాలకపోతే నా పేరు చెప్పి కొను. ఆదివారం భోజనానికి నేను వస్తాను, తిట్లతో పాటు పులుసు కూడా ఉంటే. మేస్త్రిని మాత్రం తీసుకురాలేను. చెవి మీద బీడీతో సహా సాలమోను మేస్త్రిని నేనే పుట్టించాను అక్కా. అలాంటి మనిషి తాటిపాకలో లేడు, ఎక్కడా లేడు.

నీ తమ్ముడు
దానియేలు